బంతి భోజనం పెట్టిన బడి



మిషన్ స్కూలు అనగానే మనవాళ్ళకు చప్పున గుర్తొచ్చేవి నాలుగు. ఇంగ్లీషు, క్రమశిక్షణ, పాతకాలపు పెద్ద భవనం, దాని ముందు విశాలమైన ఆటస్థలం. పిల్లాణ్ణి చేర్చాలనుకునే తండ్రి ఈ నాలుగూ చూసుకుని ఫీజు కడతాడు. అక్కడ చదివి బయటికొచ్చిన వాళ్ళను కదిపి చూడండి. వీటిలో ఒక్కటీ ముందు చెప్పరు. "మేం బోర్డింగులో ఉన్నప్పుడు..." అని మొదలుపెడతారు. ఆ మాట అన్నాక ఇక ఆపడం కష్టం.

నేనూ అలాంటి బోర్డింగు పిల్లాణ్ణే. ఆ తర్వాత పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. క్రైస్తవ పాఠశాలల్లో చదువుకున్న వాళ్ళ మధ్య నలభై యాభై ఏళ్ళు గడిచినా తెగని బంధం ఒకటుంటుందని చాలామంది అంటారు. ఉంటుంది, నిజమే. అది ఎక్కడ పుట్టిందన్న దగ్గరే నాకు పేచీ. ప్రార్థనలో పుట్టిందని కొందరు, పాఠంలో పుట్టిందని కొందరు అంటారు. నేను మాత్రం అది అన్నం దగ్గర పుట్టిందంటాను. ఎందుకంటానో ఈ పావుగంటలో చెప్పుకొస్తాను.

తెలుగునాట ఈ బడుల కథ రెండు ఊళ్ళలో రెండు రకాలుగా నడిచింది. మొదటి ఊరు బందరు. 1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడ దిగారు. ఊళ్ళు తిరిగి బోధించే పని ఫాక్స్ తీసుకున్నారు. నోబుల్ బడి పెట్టారు. 1843లో తెరిచిన ఆ బడి తర్వాతి కాలంలో నోబుల్ కాలేజీగా ఎదిగింది. నోబుల్ పెళ్ళి చేసుకోలేదు. వచ్చినవారు మళ్ళీ స్వదేశం ముఖం చూడలేదు. 1865లో బందరులోనే కన్నుమూశారు. పాతికేళ్ళకు ఒక ఏడాది తక్కువగా ఒకే ఊళ్ళో, ఒకే బడితో గడిపిన మనిషి ఆయన.

అయితే ఆయన బడి పెట్టింది పై కులాల పిల్లల కోసం. వాళ్ళు మారితే కింది వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మారతారన్నది ఆనాటి లెక్క. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు వచ్చి పిల్లలను చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. బడి దాదాపు ఖాళీ అయింది. కొన్నాళ్ళకు గొడవ సద్దుమణిగింది, మళ్ళీ నిండింది. ఇంగ్లీషు చదువు మీద ఆశ కోపం కన్నా బలమైనది కదా! భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి లాంటి వారు అక్కడ చదువుకున్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అక్కడ పాఠం చెప్పారు. ఆంధ్రదేశానికి ఆ బడి చేసిన మేలు చిన్నది కాదు. కాని పిల్లలు పొద్దున్నే వచ్చి పాఠం విని, మధ్యాహ్నానికి ఎవరి ఇంటికి వాళ్ళు పోయి భోంచేసేవారు. ఒకే బల్ల మీద కూర్చోవడం కుదిరింది గాని ఒకే బంతిలో కూర్చోవడం కుదరలేదు.

రెండో ఊరు ఒంగోలు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ భార్య హ్యారియట్‌తో కలిసి అక్కడికి వచ్చారు. మా తాతల నోట ఆయన క్లౌ దొర. ఒంగోలు పెద్దలు ఆయనను బడి పెట్టమన్నారు. పెట్టారు. బ్రాహ్మణ పిల్లలు, ఇతర పై కులాల పిల్లలు వచ్చారు. అంతా సవ్యంగా సాగుతుండగా మాదిగలు క్రైస్తవం వైపు రాసాగారు. వాళ్ళలో ముందు నిలిచినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన వెంట ఆయన వాళ్ళు కదిలారు. బడికి పిల్లలను పంపుతున్న పెద్దలకు ఇది నచ్చలేదు. "వీళ్ళను రానిస్తే మేం ఉండం" అని తేల్చి చెప్పారు.

ఆ రాత్రి ఏం జరిగిందో క్లౌ తన పుస్తకంలో చెప్పుకున్నారు. ఏం చేయాలో పాలుపోక ఆయన ఒక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడింది. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడన్న అర్థం వచ్చే భాగం అది. భార్య వేరే గదిలో తనంతట తాను అదే భాగం చదివి ఇవతలికి వచ్చారట. ఇందులో మహిమ ఉందా, కాకతాళీయమా అన్నది మీ నమ్మకానికి వదిలేస్తాను. తెల్లవారి జరిగింది మాత్రం చరిత్ర. మాదిగలను రానివ్వాలని ఆ దంపతులు నిర్ణయించారు, పై కులాల పిల్లలు బడి మానేశారు.

బందరులో ఖాళీ అయిన బడి మళ్ళీ పాత పిల్లలతోనే నిండింది. ఒంగోలులో ఖాళీ అయిన బడి వేరే పిల్లలతో నిండింది. ఈ తేడాను మన చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో అసలు మలుపు అదే.

ఆ తర్వాత పదేళ్ళకు పెద్ద కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా పని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. కూలికి వచ్చిన వాళ్ళు క్రైస్తవంలోకి వస్తామన్నా కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె చర్చి గోడల మీద రాసుకుంటారు, ప్రసంగాల్లో చెప్పుకుంటారు. దాని వెంట వచ్చిన ప్రశ్న సంగతి ఎవరూ ఎత్తరు. ఇంతమంది పిల్లలకు చదువు చెప్పేదెవరు?

ఊరి బడి వాళ్ళను రానివ్వదు. పల్లెలో మిషన్ పంతులుగారు ఉంటే పగలు కొంతమందికి, రాత్రి దీపం పెట్టుకుని మిగతావాళ్ళకు అక్షరాలు దిద్దించేవారు. పగలు రాలేని పిల్లలంటే గేదెలు కాసేవాళ్ళు, ఆసాముల దగ్గర జీతానికి కుదిరినవాళ్ళు. రెండు మూడు తరగతుల తర్వాత ఆ పంతులుగారికి కూడా చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. పిల్లవాడు పైకి చదవాలంటే పల్లె వదలాలి. పట్నంలో వాడికి గది అద్దెకిచ్చే వాళ్ళు లేరు, అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు లేదు. అందుకని మిషన్ కాంపౌండులోనే ఒక పాక వేసి, పొయ్యి పెట్టి, వంటమనిషిని కుదిర్చారు. బోర్డింగు పుట్టింది అలా. విద్యా సిద్ధాంతం ఏదో ఆలోచించి కట్టింది కాదు. వేరే దారి లేక కట్టింది.

ఇక నా బోర్డింగు సంగతి. అప్పటికి కరెంటు బడి దాకా వచ్చింది గాని పిల్లల పాక దాకా రాలేదు. మాకు లాంతర్లు. సాయంత్రం అయిదింటికి వాటి గాజు చిమ్నీలు తుడవడం చిన్న పిల్లల పని. ఎందుకంటే పెద్దవాళ్ళ చెయ్యి చిమ్నీలో దూరదు. జల్లించిన బూడిద గుడ్డకు అద్ది లోపల తిప్పాలి. గట్టిగా తిప్పితే పగులుతుంది, మెల్లగా తిప్పితే మసి పోదు. అయిదో తరగతి పిల్లాడు తుడిచిన దీపం వెలుగులో పదో తరగతి పిల్లాడు లెక్కలు చేసుకునేవాడు. మసి మిగిలితే ఆ పెద్దవాడు కేకలేసేవాడు. పరీక్షల ముందు అదే పెద్దవాడు చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు ఒప్పజెప్పించుకునేవాడు. ఇదెవరూ నియమంగా పెట్టలేదు. ఒకే దీపం కాబట్టి అలా కూర్చోక తప్పేది కాదు.

పళ్ళేలు ఎవరివి వాళ్ళవే. ఇంటి నుంచి తెచ్చుకున్న సత్తు పళ్ళెం అడుగున మేకుతో ఒక అంకె చెక్కేవారు. పేరు చెక్కేవారు కాదు. ఒకే పేరు నలుగురైదుగురికి ఉండేది మరి. ఏసురత్నాలు, దేవదానాలు, ప్రకాశాలు బోలెడంతమంది. గంట కొట్టగానే వరుసగా బాసింపట్లు వేసుకుని కూర్చోవాలి. వడ్డన వంతులవారీగా పెద్ద పిల్లలది. చివరి పళ్ళెంలో పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆ తర్వాత ప్రార్థన. వడ్డించినవాళ్ళు అందరికన్నా ఆఖరున తినాలి, మిగిలిందే తినాలి. పొద్దున అమెరికా గోధుమ నూక ఉప్మా, పాలపొడితో చేసిన పాలు. ఆ రోజుల్లో బళ్ళలో చదివిన వాళ్ళెవరికైనా ఆ నూక వాసన చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం, పలచటి పప్పు. ఆదివారం మాత్రం కూర. ఏ కూరో చెప్పను, మా వాళ్ళు వింటుంటే ఇప్పుడే పోట్లాట మొదలవుతుంది. ఒక్కొక్కరి జ్ఞాపకం ఒక్కొక్క రకం.

వంట చేసే ఆవిడను అందరం పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం. ఏ పిల్లాడు ఎందుకు సరిగ్గా తినడం లేదో వార్డెన్ అయ్యగారి కన్నా ముందు ఆవిడకు తెలిసేది. జ్వరం వస్తే గంజి, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే మాడుచెక్క. ఈ రెండో మందు ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

మా బడికి ఊళ్ళోంచి రైతుల పిల్లలు కూడా వచ్చేవారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని వేపచెట్టు కింద తినేవారు. మా బంతి వైపు చూసేవారు గాని వచ్చేవారు కాదు. ఒక వానాకాలం వాగు పొంగింది. ఒక ఆసామి గారబ్బాయి ఇంటికి పోలేక బడిలో ఉండిపోయాడు. క్యారేజీ ఎప్పుడో ఖాళీ అయింది. రాత్రి గంట కొట్టారు. కాసేపు వరండాలో నిలబడ్డాడు. పెద్దమ్మ పళ్ళెం ఒకటి తెచ్చి, ఏమీ అనకుండా నా పక్కన పెట్టింది. వచ్చి కూర్చున్నాడు, తిన్నాడు, తెల్లారి ఇంట్లో చెప్పొద్దని మమ్మల్ని బతిమాలాడు. మేమూ చెప్పలేదు. ఇప్పుడాయన డెబ్బై దాటిన పెద్దమనిషి. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి క్రమం తప్పకుండా వస్తారు. బోర్డింగు వాళ్ళ వరుసలోనే కూర్చుంటారు. "నేనొక్క రాత్రి బోర్డరునురా" అని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆయన సంగతి సరే, మాలో మాకు ఏమిటి? బయటివాళ్ళకు క్రైస్తవులంటే అందరూ ఒకటే. లోపల అలా కాదు. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. రెండు పేటల మధ్య నీళ్ళ దగ్గర, దారి దగ్గర తగాదాలు క్రైస్తవం వచ్చాక మాయమైపోలేదు. దోర్నకల్‌లో బిషప్‌గా ఉన్న వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారికి ఇది బాగా తెలుసు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. తమిళుడు, తెలుగు నేర్చుకున్నారు. ఒకే సంఘంలో ఉన్న మాల మాదిగలు కలిసి తినాలని ఆయన పట్టుబట్టారు. దోర్నకల్‌లో గురువులుగా శిక్షణ పొందే వాళ్ళు భార్యాపిల్లలతో సహా వచ్చి ఉండేవారు. భార్యలకూ చదువు చెప్పేవారు. పల్లెల్లో ఆడవాళ్ళు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి, ఆదివారం చర్చికి తెచ్చేవారు. ఇప్పటికీ కొన్ని పల్లెల్లో తెస్తారు. సంఘం నిలబడటానికి ఆ పిడికిళ్ళ ఊతం తక్కువేమీ కాదు.

బోర్డింగులో మాకు పేట అనేది లేదు. పళ్ళెం మీద అంకె మాత్రమే ఉంది. నీ పక్కన కూర్చున్నవాడు ఏ పేట వాడో తెలిసేసరికి వాడి ఎంగిలి జామకాయ నువ్వు ఎప్పుడో కొరికేసి ఉంటావు. ఇదంతా నిజం. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఒకే బంతిలో పెరిగిన మా వాళ్ళలో చాలామంది పిల్లల పెళ్ళిళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఎవరి పేట వాళ్ళయిపోయారు. సంబంధం చూసేటప్పుడు "వాళ్ళేవిట్లు?" అని గొంతు తగ్గించి అడగడం నా చెవులతో విన్నాను. బంతి చేసిన పని అక్కడితో ఆగింది. పెళ్ళిపందిరి దాకా రాలేకపోయింది. ఇది మా బళ్ళ వైఫల్యమని అనను. బడి పదేళ్ళలో చేసినదాన్ని ఇల్లు అరవై ఏళ్ళలో తుడిచేసిందంటాను.

ఇక్కడ మరో మాట. క్రైస్తవ బడిలో బంధం కుదరాలంటే క్రైస్తవం ఒప్పుకోవాలా? అక్కర్లేదని చెప్పడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారే సాక్షి. తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్హీస్ కాలేజీ, మద్రాసులో క్రిస్టియన్ కాలేజీ. ఆయన చదువు చాలావరకు మిషన్ల నీడలోనే సాగింది. అక్కడి ఉపాధ్యాయులు హిందూ మతం మీద చేసిన విమర్శలు ఆయనను నొప్పించాయి. నొచ్చుకుని ఊరుకోలేదు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న మాటకు జవాబుగా ఎం.ఏ. పట్టా కోసం వేదాంతంలోని నీతి మీదే సిద్ధాంత వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. విశేషమేమిటంటే ఆ వ్యాసాన్ని మెచ్చుకుంటూ యోగ్యతా పత్రం ఇచ్చింది ఆ కాలేజీ ఆచార్యుడు, మిషనరీ ఎ.జి. హాగ్. తనతో విభేదించిన శిష్యుణ్ణి తనవాడని చెప్పుకోగలిగిన గురువు ఉన్న చోటే బడి అనే మాటకు అర్థం ఉంటుంది.

వెంకటరత్నం నాయుడుగారూ ఆ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో విలియం మిల్లర్ శిష్యులే. ఆయన బ్రహ్మసమాజం వైపు వెళ్ళారు. క్రైస్తవులు కాలేదు. కాని కాకినాడలో పిఠాపురం రాజావారి అండతో అనాథ పిల్లలకూ దళిత విద్యార్థులకూ వసతి ఏర్పాటు చేయించారు. మతం తీసుకోలేదు, బంతి తీసుకున్నారు. నన్నడిగితే ఇంతకన్నా పెద్ద పూర్వ విద్యార్థి లేడు.

గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ సంగతి చూడండి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్‌ను ఆదరించింది ఆనాటి కలెక్టరు స్టోక్స్. హేయర్ మొదలుపెట్టిన బడి 1885లో కాలేజీ అయింది. మనమంతా ఏసీ కాలేజీ అంటాం. నందమూరి తారక రామారావుగారు అక్కడే బి.ఏ. చదివారు. కొంగర జగ్గయ్యగారూ అక్కడి వారే. ఇద్దరూ అక్కడ నాటకాలాడారు. జగ్గయ్యగారి కంఠం మన రేడియో వాళ్ళకు కొత్తది కాదు, ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కంఠమది. వాళ్ళెవరూ ప్రార్థన కోసం ఆ కాలేజీకి వెళ్ళలేదు. అయినా ఆ కాలేజీని మాది అనే చెప్పుకున్నారు. మా బడిలో కూడా క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం ఎప్పుడూ ఊళ్ళోంచి వచ్చే హిందూ పిల్లాడిదే. గంభీరమైన గొంతు కావాలి కదా, పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన వాడికి అది పుట్టుకతో వచ్చేది. "ఎవరక్కడ?" అని వాడు అరిస్తే, తూర్పు దేశపు జ్ఞానులు నిజంగానే దడుసుకునేవారు.

ఇలా అన్నానని అంతా తీపి అనుకోకండి. దగ్గరగా బతికే చోట గోడలు కూడా లేస్తాయి. గుర్రం జాషువాగారు గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఏళ్ళ తరబడి పనిచేశారు. పురాణ గాథల మీద పద్యాలల్లుతున్నాడని ఆ మహాకవిని సొంతవాళ్ళే సూటిపోటి మాటలన్నారు. బయట అంటరానివాడన్నారు, లోపల అన్యుడన్నారు. ఆయన రెంటికీ జవాబు పద్యంలోనే చెప్పారు. తర్వాత మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. ఈనాడు జాషువా మా వాడని చెప్పుకోని క్రైస్తవ బడి లేదు. అప్పట్లో ఆ మాట అని ఉంటే బాగుండేది.

మళ్ళీ మా వాళ్ళ సంగతికొస్తాను. ఈ బంధం పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మా ఊరి చుట్టుపక్కల ఎవరికైనా గుండె జబ్బనో, మరో పెద్ద రోగమనో తేలిందనుకోండి. మొదటి ప్రశ్న, "వేలూరు మిషన్ ఆసుపత్రిలో మనవాళ్ళెవరున్నారు?" ఉంటారు. ఏ వార్డులోనో నర్సుగా మా బళ్ళ అమ్మాయి ఒకరు ఉండి తీరతారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చి ఆడవాళ్ళకు వైద్యం మొదలుపెట్టిన నాటి నుంచి బోర్డింగు ఆడపిల్లలకు రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి పంతులమ్మ, రెండోది నర్సు. పొలం కూలి తప్ప వేరే సంపాదన ఎరగని ఇళ్ళలో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి చాలాచోట్ల ఆడమనిషే. 1955లో మిస్సమ్మ సినిమా వచ్చినప్పుడు ఉద్యోగం కోసం ఇల్లు వదిలిన మేరీని చూసి మా అక్కలు నవ్వుకున్నారట, "దీన్ని సినిమా తీశారేమిటి, ఇది మా ఇంటి సంగతే కదా" అని.

చావు కబురు వస్తే ఇంకా తెలుస్తుంది. మాలో ఎవరైనా పోతే, మట్టి చేసే వేళకు ఏ ఊరి నుంచో నలుగురు దిగుతారు. ఇంట్లోవాళ్ళకు వాళ్ళెవరో తెలియదు. "మేం బోర్డింగు వాళ్ళమమ్మా" అంటారు. అంతే, ఇక పరిచయం అక్కర్లేదు. పెట్టె ఎత్తే చోట వాళ్ళకు చోటిస్తారు. మరో విచిత్రం కూడా అక్కడే బయటపడుతుంది. మాలో చాలామందికి రెండు పేర్లు. బాప్తిస్మం పేరొకటి, రికార్డు పేరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళను బీసీ-సీ కింద లెక్కిస్తారు, ఒక శాతం కోటాతో. మతం మారినంత మాత్రాన ఊరు చూసే చూపు మారలేదు, సర్కారు చూపు మాత్రం మారింది. దానితో రికార్డులో ఒకరు, ఇంట్లో ఒకరుగా బతికిన మనుషులున్నారు. ఆ మనిషిని చిన్ననాటి పేరుతో, అదీ నోరారా పిలిచేది బోర్డింగు వాళ్ళే.

ఇప్పుడేమిటి పరిస్థితి? చాలా బోర్డింగులు మూతపడ్డాయి. విదేశాల నుంచి వచ్చే సాయం తగ్గింది. పంతుళ్ళ ఖాళీలు నిండక ఎయిడెడ్ బళ్ళు చిక్కిపోయాయి. మరోపక్క ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు, గురుకులాలు వచ్చాయి. అవి రావడం మంచిదే. ఒకప్పుడు దొరల దయ మీద దొరికిన అన్నం ఇప్పుడు పిల్లాడికి హక్కుగా దొరుకుతోంది. దీనికి బాధపడేవాణ్ణి కాదు నేను.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఊరికి నాలుగు చొప్పున పేరు ముందు సెయింట్ తగిలించుకున్న బళ్ళు లేచాయి. వాటిలో కొన్నింటికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. ఉంటే గింటే ఫీజు రసీదు మీద ఒక శిలువ బొమ్మ ఉంటుంది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో ఎవరి డబ్బా వాళ్ళది. కూర పంచుకోవద్దని కూడా చెబుతారట, ఒంటికి పడదని. అసలైన మిషన్ బళ్ళు సైతం వాటితో పోటీపడి అదే దారి పడుతున్నాయి. ఆ పిల్లలు బాగా చదువుతారు, మార్కులు తెచ్చుకుంటారు. నలభై ఏళ్ళ తర్వాత ఒకరి చావుకు ఒకరు వెళతారా అన్నది నా అనుమానం.

మా పూర్వ విద్యార్థులకూ ఒక మాట. సమ్మేళనాలు ఘనంగా చేసుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే వందనాలు చెప్పుకుంటున్నాం. చందాలు వేసుకుని గేటు మీద ఆర్చీ కట్టించాం, చలువరాతి ఫలకం మీద దాతల పేర్లు చెక్కించాం. ఆ ఫలకం ఖరీదుతో నలుగురు పిల్లలకు ఏడాది భోజనం పెట్టవచ్చు. మీరు చదివిన బడి ఎక్కడుందో మీకు తెలుసు. సమ్మేళనం రోజున కాకుండా మామూలు పనిదినాన ఒకసారి వెళ్ళండి. హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళే ముందు వంటశాల వైపు నడవండి. పొయ్యి వెలుగుతోందా లేదా చూడండి. వెలుగుతుంటే ఎంతమంది పిల్లలు తింటున్నారో, ఏం తక్కువైందో అడిగి ఆ తక్కువను పూడ్చండి. వెలగకపోతే మళ్ళీ వెలిగించడానికి ఏం కావాలో లెక్క వేయించండి. క్రైస్తవుల పిల్లలకే అని షరతు పెట్టకండి. ఆకలితో చదువుకునే పిల్లలు ఏ పేటలో ఉన్నా పిలవండి, వాళ్ళను ఒకే బంతిలో కూర్చోబెట్టండి.